గేటు లేని రియాసత్

మొన్న మా భాంజీ మార్కాపురం వచ్చింది. తన షోహర్‌తో కలిసి ఇటలీ సఫర్‌కు తయారవుతోంది. చాయ్ తాగుతూ నాకో సవాల్ వేసింది.

"మామూజాన్, శాన్ మరీనో అని ఒక దేశముందంట. చుట్టూ ఇటలీయేనంట. ఇటలీకి తీసుకున్న వీసాతోనే పోయి రావచ్చంట. వేరే దేశమన్నాక ఒక గేటైనా ఉండదా?"

నాకు నవ్వొచ్చింది. "మీ పర్‌నానీ అట్లాంటి రియాసత్‌లోనే పుట్టింది బేటా" అన్నాను. మజాక్ అనుకుంది. కాదు. అదే మీకూ చెబుతాను.

యూరప్‌లో చిటికెడంత దేశాలు కొన్ని ఉన్నాయి. వాటికన్, మొనాకో, శాన్ మరీనో, లీచ్‌టెన్‌స్టైన్, అండోరా. లీచ్‌టెన్‌స్టైన్ 2011 నుంచి షెంగెన్ ఏర్పాటులోనే ఉంది. శాన్ మరీనో, వాటికన్‌లు అందులో సభ్యులు కావు. అయినా ఇటలీలోకి ఇజాజత్ దొరికిన వాళ్లు నడుచుకుంటూ వాటిలోకి పోవచ్చు. మొనాకోకు ఫ్రాన్స్ నుంచి అంతే. ఒక్క అండోరా దగ్గర జాగ్రత్త కావాలి. ఫ్రాన్స్ నుంచో స్పెయిన్ నుంచో అక్కడికి పోతే షెంగెన్ దాటి బయటికి పోయినట్టే లెక్క. తిరిగి రావాలంటే ఒకటి కన్నా ఎక్కువసార్లు ప్రవేశం ఇచ్చే వీసా చేతిలో ఉండాలి. అండోరాకు విమానాశ్రయం లేదు, కాబట్టి వేరే దారీ లేదు.

ఇక మన ఇలాకాకు వద్దాం. నల్లమల దాటితే నంద్యాల, అక్కడి నుంచి కాస్త దూరంలో బనగానపల్లె. మనకు ఆ పేరు వినగానే బేనిషాన్ మామిడి గుర్తొస్తుంది. కానీ 1948 దాకా అది నవాబుల రియాసత్. 1901 లెక్కల్లో దాని విస్తీర్ణం 255 చదరపు మైళ్లు, అంటే సుమారు 660 చదరపు కిలోమీటర్లు. జనాభా 32,264. అండోరా 468 చదరపు కిలోమీటర్లు, లీచ్‌టెన్‌స్టైన్ 160, శాన్ మరీనో 61. ఈ మూడింటి కన్నా మన బనగానపల్లె పెద్దది! నవాబుకు తొమ్మిది తోపుల సలామీ కూడా ఉండేది.

ఆ రియాసత్ చుట్టూ బ్రిటిష్ వాళ్ల మద్రాసు ఇలాకా. అప్పట్లో మన మార్కాపురం, కంభం, గిద్దలూరు కూడా కర్నూలు జిల్లాలోనివే. ప్రకాశం జిల్లా పుట్టింది 1970లో.

మా నానీమా నికాహ్ అయ్యి బనగానపల్లె నుంచి గిద్దలూరు వచ్చింది. నంద్యాల దాకా ఎద్దుల బండి, అక్కడి నుంచి చిన్న గేజ్ రైలు, నల్లమల సొరంగం దాటి గిద్దలూరు. ఆ సఫర్ గురించి ఆమె ఎన్నోసార్లు చెప్పేది. సొరంగంలో భయపడి బుర్ఖా కొంగు నోట్లో కుక్కుకున్న సంగతి చెప్పేది. రుఖ్సతీ నాడు కట్టిచ్చిన పలావు రైల్లో చల్లారిపోయిన సంగతీ చెప్పేది. ఎక్కడా ఎవరైనా కాయితం అడిగినట్టు మాత్రం ఒక్కసారీ చెప్పలేదు. ఒక హుకూమత్ నుంచి ఇంకో హుకూమత్‌లోకి వచ్చానన్న ఖయాలే ఆమెకు లేదు.

గేటు ఎందుకు లేదు? నవాబు దరియాదిల్ అనుకుంటే పొరపాటు. 1800లో నిజాం దత్తమండలాలను ఇంగ్లీషు వాళ్లకు అప్పగించినప్పుడు బనగానపల్లె కూడా వాళ్ల నీడలోకి పోయింది. పాలన బాగా లేదని 1832 నుంచి 1848 దాకా వాళ్లే నడిపారు. 1905లో మళ్లీ కొన్ని నెలలు చేతుల్లోకి తీసుకున్నారు. పక్కనే కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్ గతి చూడండి. హథియార్లు పోగేశాడని 1839లో గద్దె దించేశారు, రియాసత్ కలిపేసుకున్నారు. అంటే పెద్దవాడికి చిన్నవాడి వల్ల ఏ ఖతరా లేదనుకున్నంత కాలమే ఆ సరహద్దు తెరిచి ఉంటుంది. శాన్ మరీనోకు ఇటలీతో ఉన్నది బరాబర్ దోస్తీ, ఇక్కడ ఉన్నది మజ్బూరీ. దాటేవాడికి మాత్రం రెండుచోట్లా ఒకటే: ఆపేవాడు లేడు.

ఆపేవాడున్న సరహద్దు కూడా మనకు దగ్గర్లోనే ఉండేది. మార్కాపురం తాలూకాకు ఉత్తరాన కృష్ణ, అవతలి ఒడ్డు నిజాం రాజ్యం. అక్కడ సొంత సిక్కా: ఆరు బ్రిటిష్ రూపాయలకు ఏడు హాలీ రూపాయలు. సరుకు దాటితే కరోడ్‌గిరీ వాళ్లకు సుంకం కట్టాలి. నౌకరీ కావాలంటే ముల్కీ అయి ఉండాలి, అంటే పదిహేనేళ్లు అక్కడే కాపురం ఉన్నట్టు రుజువు కావాలి. అయినా మనిషిని మాత్రం రానిచ్చేవారు. రిష్తేలు కలిసేవి, ఉర్సులకు జనం పోయేవారు.

నానీమా పెద్ద భాయి అట్లాగే హైదరాబాదు పోయాడు. ముల్కీ కాదు కాబట్టి ఒక దుకాణంలో మునీమ్‌గా కుదిరాడు. 1948లో బనగానపల్లె మద్రాసు రాష్ట్రంలో కలిసింది. నానీమాకు ఏమీ తేడా తెలియలేదు. బండి అదే, రైలు అదే, మైకా అదే. అదే సంవత్సరం సెప్టెంబరులో హైదరాబాదు మీద పోలీసు చర్య. ఆ గడబిడలో భాయి కరాచీ పోయాడు. అప్పటికే ఆ ఏడు జులై నుంచి పశ్చిమ పాకిస్తాన్ నుంచి వచ్చేవాళ్లకు పర్మిట్ పద్ధతి మొదలైంది. 1952 అక్టోబరులో పాస్‌పోర్టు, వీసా వచ్చాయి. ఆ వీసా దేశానికి కాదు, పేరు రాసిన ఊళ్లకు. చేరగానే పోలీస్ ఠాణాలో హాజరీ వేయించుకోవాలి. 1965, 1971 యుద్ధాలతో దారులు ఇంకా బిగుసుకున్నాయి.

భాయి ఒకసారి ఖత్‌లో రాశాడు: "గిద్దలూరుకు వీసా అడిగితే, అది ఎక్కడుంది అంటున్నారు." నానీమా ఆ ఖత్‌ను తన పాన్‌దాన్ కింద దాచుకుంది. భాయి ఇంతెఖాల్ వార్త ఇరవై రోజులకు చేరింది. మళ్లీ ఒకరినొకరు చూసుకోలేదు.

ఇదంతా విని భాంజీ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "శాన్ మరీనోలో పాస్‌పోర్టు మీద యాద్‌గార్‌గా ముద్ర వేస్తారంట, డబ్బు కట్టి వేయించుకోవాలంట" అంది.

"వేయించుకో బేటా" అన్నాను. "వచ్చాక నాకు చూపించు. ఆ పాన్‌దాన్ కూడా నీకు చూపిస్తాను."