అద్దంకిలో మా సైకిలు కొట్టు

దగ్గరికి జరగండ్రా, మంట బాగా రాజుకుంది. 1970లో మన అద్దంకి గుంటూరు జిల్లాలోంచి కొత్త ఒంగోలు జిల్లాలోకి మారింది. ఆ రోజుల్లోనే నేనూ మరో ఇద్దరు స్నేహితులమూ డబ్బులు కలేసుకుని నాలుగు పాత హెర్క్యులిస్ బండ్లు కొన్నాం. తాటాకు పందిరి, గాలి పంపు, నీళ్ల బేసిను, సొల్యూషను డబ్బా, రెంచీలు. గంటల లెక్కన అద్దెకిచ్చేవాళ్లం.

నల్లరేగడి సంగతి మీకు చెప్పాలా? వాన పడితే డొంకలో పది బారలు పోకముందే టైరుకీ మడ్‌గార్డుకీ మధ్య మట్టి కూరుకుపోయి చక్రం బిగుసుకుపోయేది. అందుకని వానాకాలంలో పత్తి చేలకెళ్లే బండ్లకు మడ్‌గార్డులు ఊడదీసేవాళ్లం. వీపంతా మట్టి చిమ్మినా బండి మాత్రం ఆగేది కాదు. మిరప కళ్లాలప్పుడు ఇక తుమ్మముళ్లు, పంక్చర్లు.

మాలో ఒకడిది చక్రం వంకర తీయడంలో గొప్ప చెయ్యి. బండిని తలకిందులుగా నిలబెట్టి, రిమ్ము పక్కన సుద్దముక్క పట్టుకుని చక్రం తిప్పేవాడు. సుద్ద అంటిన చోట ఇటువైపు పుల్ల వదులు చేసి, అటువైపుది బిగించేవాడు. గీత పడకుండా చక్రం తిరిగేదాకా అన్నానికి లేచేవాడు కాదు.

ఒక ఏడు, రోజుల తరబడి సైకిలు దిగకుండా తొక్కే ఆటగాడు ఊళ్లోకొచ్చాడు. స్నానం, అన్నం అన్నీ బండి మీదే. ఆట ముగిశాక బండి మా కొట్టుకు తెచ్చాడు. చూస్తే దానికి ఫ్రీవీలు లేదు. పెడలు వెనక్కి తొక్కితే బండీ వెనక్కే పోతుంది! మేమూ ఒక బండికి అలాగే బిగించాం. ఇక సాయంత్రమైతే బడి మైదానంలో పిల్లలు మూగేవాళ్లు. చేతులొదిలి తొక్కడం, ముందు చక్రం లేపడం, ఉన్నచోటే నిలబెట్టడం. ఎవడి పంక్చరు వాడే వేసుకోవాలని షరతు పెట్టాం. ఆడపిల్లలకూ నేర్పితే కొందరు పెద్దలు ముఖం చిట్లించారు. మేం మానలేదు.

సరిగ్గా ఆ కాలంలోనే కాలిఫోర్నియా పిల్లలు మోటారు సైకిలు పందేలు చూసి, చిన్న సైకిళ్ల మీద మట్టిదిబ్బలు దూకడం మొదలెట్టారట. మీరు బీఎంఎక్స్ అనేది అదే, 20 అంగుళాల చక్రాల బండి. 2008లో బీజింగ్ ఒలింపిక్స్‌లో ఆ పందెం పెట్టారు. దాని విన్యాసాలకు 2021లో టోక్యోలో పతకాలిచ్చారు. వాళ్లకు కంపెనీలు అండగా నిలిచాయి, పోటీలు పుట్టాయి. మన ఆటగాడు తువ్వాలలో పడ్డ చిల్లర మూటగట్టుకుని మార్టూరు దారి పట్టాడు. అతని విద్య ఏం తక్కువ? ఆ బాధ నాకింకా పోలేదు.

ఒరే మనవడా, నీ పొట్టి సైకిలు చూస్తే నాకు సంబరంగానే ఉంది. రేపు వీధి చివర పంక్చర్లు వేసే ఆయన దగ్గర కూర్చుని చక్రం వంకర తీయడం నేర్చుకో. నీతో తిరిగే పిల్లలకూ నేర్పు.