అమ్మాయిని పిలిచి అడిగారా?



నలభై ఐదవ కీర్తన రాజు ఇంటికి కోడలిగా వచ్చే కుమార్తెను తండ్రి ఇంటిని మరచిపొమ్మంటుంది. పెళ్ళి కూడికల్లో మనం తరచుగా వినే భాగమిది. ఆ మాట బరువును చిన్నతనం నుండే మోసిన ఇద్దరు అక్కచెల్లెళ్ళ గురించి ఈ వారం ఆలోచిద్దాం. వారి పేర్లు మార్గరెట్, ఆగ్నెస్. పన్నెండవ శతాబ్దంలో ఫ్రాన్సును ఏలిన ఏడవ లూయీ కూతుళ్ళు. తల్లులు వేరు.

ఆ కాలపు రాజులు యుద్ధం ఆపుకోవాలన్నా, పొత్తు కలుపుకోవాలన్నా కూతురిని ఇచ్చేవారు. మార్గరెట్‌ను ఇంగ్లండు రాజు రెండవ హెన్రీ కొడుక్కి ఇస్తామని ఆమె ఉయ్యాలలో ఉండగానే మాట అయిపోయింది. కట్నం వెక్సిన్ అనే సరిహద్దు ప్రాంతం, అందులోని కోటలు. పెళ్ళి అయ్యేదాకా ఆ కోటలు టెంప్లర్లనే సైనిక సన్యాసుల చేతిలో ఉండాలి. హెన్రీ అంతకాలం ఆగలేదు. 1160లోనే పెళ్ళి చేయించి కోటలు తీసుకున్నాడు. అప్పటికి పెళ్ళికొడుక్కి ఐదేళ్ళు, పెళ్ళికూతురికి రెండు మూడేళ్ళు. ఆ పెళ్ళికి అనుమతి ఇచ్చింది పోపు పంపిన ప్రతినిధులే. సంఘ పెద్దలు అక్కడ ఉన్నారు, ఆపలేదు. ఈ సంగతి మనం మరచిపోకూడదు.

1172లో మార్గరెట్‌కు కిరీటం పెట్టారు. 1177లో పుట్టిన బిడ్డ కొద్ది రోజులకే చనిపోయాడు. 1183లో భర్త పోయాడు. 1186లో ఆమెను హంగేరి రాజు మూడవ బేలాకు ఇచ్చారు. పదేళ్ళకు అతడూ చనిపోయాడు. అప్పుడామె పరిశుద్ధ భూమికి బయలుదేరి, 1197లో ఏకర్ పట్టణంలో కన్నుమూసింది. అపొస్తలుల కార్యములలో మనం చదివే తొలెమాయి అదే. ఆమె సమాధి తూరులో.

చెల్లెలి కథ ఇంకా కష్టమైనది. ఆగ్నెస్‌కు ఎనిమిదేళ్ళ వయసులో, 1180లో, కాన్‌స్టాంటినోపుల్‌లో మాన్యుయేల్ చక్రవర్తి కొడుకు అలెక్సియస్‌తో పెళ్ళి చేశారు. పేరు కూడా మార్చి అన్నా అన్నారు. ఆ యేడే మామగారు చనిపోయారు. 1183లో ఆండ్రోనికస్ అనే బంధువు బాల చక్రవర్తిని చంపించి సింహాసనం ఎక్కాడు. ఆ పిల్లను కూడా పెళ్ళాడాడు. అతడు అరవై దాటినవాడు, ఆమెకు పన్నెండేళ్ళు. రెండేళ్ళకు ప్రజలు తిరగబడి అతణ్ణి చంపేశారు. పదమూడు పద్నాలుగేళ్ళకే ఆమె రెండుసార్లు విధవ.

1203లో క్రూసేడు సైన్యం ఆ పట్టణానికి వచ్చింది. అందులోని ఫ్రాన్సు పెద్దలు తమ రాజకుమార్తె అక్కడే ఉందని తెలిసి చూడబోయారు. ఆమె కోపంతో వారితో మాట్లాడలేదని, చివరికి దుబాసీ ద్వారా మాట్లాడిందని, తనకు ఫ్రెంచి రాదని చెప్పిందని ఆ సైన్యంలో ఉన్న రాబర్ట్ ద క్లారి రాశాడు. తండ్రి ఇంటిని ఆమె నిజంగానే మరచిపోయింది. భాషతో సహా.

రెండు వందల ఏళ్ళ తరువాత మరో రాజకుమార్తె ఇసబెల్లా వచ్చింది. 1396లో ఇంగ్లండు రాజు రెండవ రిచర్డ్‌కు ఆమెనిచ్చి పెళ్ళి చేసినప్పుడు ఆమెకు ఇంకా ఏడేళ్ళు నిండలేదు. ఆ పెళ్ళి ఇరవై ఎనిమిదేళ్ళ యుద్ధ విరామానికి ముద్ర. మూడేళ్ళకే రిచర్డ్ గద్దె దిగాడు, ఆ వెంటనే చెరలో చనిపోయాడు. కొత్త రాజు తన కొడుకును చేసుకోమన్నాడు. ఆ చిన్నది ఒప్పుకోలేదు. 1401లో పుట్టింటికి తిరిగి వచ్చింది. తరువాత మళ్ళీ పెళ్ళయింది కానీ, పంతొమ్మిదేళ్ళకే కాన్పులో చనిపోయింది.

ఇప్పుడు ఆదికాండము 24వ అధ్యాయం తెరచి చూడండి. రిబ్కాను దూరదేశానికి ఇస్తామని అన్న, తండ్రి మాట ఇచ్చేశారు. అయినా ప్రయాణం దగ్గర ఇంటివాళ్ళు ఆగి, చిన్నదాన్ని పిలిచి వెళ్తావా అని అడిగారు. ఆమె వెళ్తానంది. ఆ ఒక్క ప్రశ్న వల్ల ఆ ప్రయాణం ఆమెదయింది. మార్గరెట్‌ను, ఆగ్నెస్‌ను ఎవరూ అడగలేదు. అడిగినా జవాబు చెప్పే వయసు వారికి లేదు.

మనం రాజులం కాము. మన దగ్గర కోటలు లేవు. కానీ ఎకరాలు ఉన్నాయి, అప్పులు ఉన్నాయి, అన్నదమ్ముల మాటలు ఉన్నాయి. వాటి మధ్య ఆడపిల్ల సంబంధం కుదిరిపోతుంది. పెళ్ళి రోజు బలిపీఠం ముందు మేము సమ్మతమా అని అడుగుతాం. అప్పటికే కార్డులు పంచారు, భోజనాలు వండారు, ఊరంతా కూర్చుంది. అక్కడ కాదని ఏ పిల్ల అనగలదు? ఆ ప్రశ్న మీ ఇంట్లో, మాట ఇవ్వకముందే అడగాలి. పద్దెనిమిది నిండని పిల్లయితే అడగడానికే లేదు. అలాంటి పెళ్ళికి సంఘం తలుపు తెరవకూడదు.

తల్లిదండ్రులారా, ఈ రాత్రి కుటుంబ ప్రార్థన అయ్యాక మీ కుమార్తె పక్కన కూర్చోండి. ఆమె మనసులో ఏముందో అడిగి, ఆమె చెప్పేంతవరకు వినండి. ప్రభువు మీ ఇంటిని దీవించును గాక. ఆమేన్.