బరంపురమున పెద్దపండుగ భోజనము: ఒక పాత పద్దు చెప్పిన చరిత్ర

ఆంధ్రదేశమునకు వెలుపల స్థిరపడిన తెలుగువారిలో మా బరంపురము వారి స్థితి కొంత వింతయైనది. షోలాపురము, బొంబాయి మొదలగు చోట్ల మన వారు మగ్గము కొరకో, కూలి కొరకో, కొలువు కొరకో స్వగ్రామములు విడిచి పోయి స్థిరపడిరి. మేము అట్లు పోయినవారము కాము. మా పెద్దలు తమ యింట తాము కూర్చుండియుండగనే 1936వ సంవత్సరము ఏప్రిలు 1వ తేదీన బరంపురము మద్రాసు రాజధానినుండి విడివడి క్రొత్తగా నేర్పడిన ఒరిస్సా రాష్ట్రమున చేరినది. ఇచ్ఛాపురము, సోంపేట, టెక్కలి, శ్రీకాకుళము ఆవలనే నిలిచిపోయినవి. వియ్యములందిన యిండ్లు రెండు రాష్ట్రములలో పడినవి. ఇచ్ఛాపురము మాకు సుమారు 25 కిలోమీటర్ల దూరమే యైనను, అది నాటినుండి మాకు పొరుగు రాష్ట్రమైనది.

అయినను ఏటేట మూడు దినములు ఈ యెల్ల మా యింట లేనట్లే యుండెడిది. అవి భోగి, సంక్రాంతి, కనుమ. మా ప్రాంతమున దీనికి పెద్దపండుగ యని పేరు. ఆడుబిడ్డలు, అల్లుండ్రు, మేనత్తలు, పినతండ్రులు భోగి ముందునాటి రైలుకే దిగెడివారు. కనుమనాడు కాకియైనను కదలదను సామెత మన వారికి శాసనము వంటిది. కావున వచ్చినవారు నాలుగవనాడు గాని తిరిగి పోరు. ఇందరికి మూడు దినములు వండి వడ్డించుట చిన్న కార్యము కాదు. దానికొక ఏర్పాటు, ఒక లెక్క, ఒక క్రమము ఉండెడివి. ఆ లెక్కకు సంబంధించిన కాగితమొకటి మా నాయనమ్మగారి పెట్టెలో దొరకినది. ఈ వ్యాసమునకు అదియే ఆధారము.

కాగితము మీద తేదీ లేదు. అయినను జీవితమంతయు గుమాస్తాగా పద్దులు చూచినవారము గనుక దాని కాలమును కొంతవరకు నిర్ణయింపగలిగితిమి. ధరలన్నియు రూపాయలు, అణాలు, పైసలలో నున్నవి. దశాంశ నాణెములు 1957 ఏప్రిలు 1వ తేదీన వచ్చినవి. కాబట్టి పద్దు అంతకు పూర్వపుది. మరియొకచోట 'కంట్రోలు పంచదార' యని యున్నది. సరకుల కంట్రోలు రెండవ ప్రపంచ యుద్ధమునాటిది. 1942లో రంగూను జపానువారి వశమై బర్మా బియ్యము రాక నిలిచిన పిదప మన తీరమున ధాన్యపు కొరత ఎట్లుండెనో పెద్దలు చెప్పగా వింటిమి. కావున ఈ పద్దు 1942కును 1957కును నడుమ వ్రాసినదనుట నిశ్చయము. అంతటి కరవు దినములలోను కాగితము తలకట్టున 'విస్తళ్ళు 300' అని వ్రాసియుండుట చూచి మేము చాలసేపు ఊరకుంటిమి.

ఆ విస్తళ్ళు అడ్డాకులతో కుట్టినవి. మన్నెపు కొండలనుండి కట్టలు కట్టలుగా వచ్చెడివి. తెలుగువారు అడ్డాకు అనుదానినే ఒడియావారు సియాళి పత్రమందురు. తీగ యొకటే, ఆకు యొకటే, పుల్లతో కుట్టు విధమును ఒకటే.

తక్కిన పద్దులో అనకాపల్లి బెల్లము 6 వీశెలు, నువ్వులనూనె 4 వీశెలు, క్రొత్తబియ్యము 3 కుంచములు, మినుములు, పెసలు, నువ్వులు, కొబ్బరికాయలు, కంద, పెండలము, చేమ, అరటికాయలు, చిక్కుళ్ళు, గుమ్మడిపండు, చింతపండు, ఆవాలు, మిరియములు ఉన్నవి. వీశెయనగా 120 తులములు, ఇప్పటి తూనికలో సుమారు 1 కిలో 400 గ్రాములు. ఆ లెక్కను బెల్లము ఎనిమిదిన్నర కిలోలగును. ఇది సులభముగనే తేలినది. చిక్కు కుంచముతో వచ్చినది. కుంచమునకు నాలుగు మానికలు, మానికకు రెండు తవ్వలు, తవ్వకు రెండు సోలలు అను లెక్క అందరెరిగినదే. కాని కుంచము కొలతయే గాని తూనిక కాదు. పైగా ఊరూరి కుంచము వేరు. 1956లో తూనికలు కొలతల చట్టము వచ్చి కిలోగ్రాము, లీటరు వాడుకకు వచ్చిన పిమ్మట పాత పాత్రలు అటకలెక్కినవి, కొన్ని పాతసామానువాని పాలైనవి.

ఈ లెక్కతో మాకేమి పని యని చదువరులు అడుగవచ్చును. 2021లో కరోనా భయముచేత మా కుటుంబమువారు ఎక్కడివారక్కడనే పండుగ చేసికొనిరి. 2022లోను అట్లే జరిగినది. ఆ రెండేండ్లలో ఇద్దరు పెద్దలు మాకు దూరమైరి. 2023 సంక్రాంతికి అందరము కలియవలెనని నిశ్చయించుకొన్నప్పుడు ఇరువది తొమ్మండుగురు వత్తుమనిరి. వంట ఎవరు చేయుదురను ప్రశ్న వచ్చినది. వంటవారికి పురమాయింతమని పిల్లలు అనిరి. వారి మాటలో తప్పులేదు. ఇంటి స్త్రీలు మూడు దినములు పొయ్యి విడువక నిలుచుటయే ఆచారమని మేమును అనజాలము. తుదకు ఒక మధ్యమార్గము కుదిరినది. భోగినాటి ఫలహారములు, కనుమనాటి గారెలు బయటివారు చేయవలెను. సంక్రాంతినాటి భోజనము మాత్రము పాత పద్దు ప్రకారము ఇంటనే, స్త్రీపురుషులందరు పనులు పంచుకొని వండవలెను. కాయలు తరుగుట, కొబ్బరి కోరుట, వడ్డన మగవారి వంతైనవి.

సంక్రాంతినాడు మా యింట పెద్దలకు తర్పణములు విడిచిన పిమ్మటనే భోజనము. కావున ఆనాటి వంటకు కొంత నియమము కలదు. పద్దు చూచి మా కోడలు ఒక సందేహమడిగెను. ఆమె ఒడియావారి బిడ్డ. మా యింటికి వచ్చి తెలుగు నేర్చినది. "మామయ్యగారూ, ఇందులో బంగాళాదుంప లేదు, టొమాటో లేదు, మిరపకాయ కూడా లేదు. పూరీ జగన్నాథస్వామి వంటశాలలోనూ ఇవి వాడరు. రెండు చోట్లా ఒకే పద్ధతి ఎలా వచ్చింది?" అనెను.

ఆ ప్రశ్నకు సమాధానము చరిత్రలో నున్నది. మిరప, బంగాళాదుంప, టొమాటో ఈ మూడును అమెరికా ఖండమున పుట్టినవి. 1498లో పోర్చుగీసువారు మన దేశమునకు త్రోవ కనుగొనిన తరువాతనే ఇవి ఓడలమీద ఇటు వచ్చినవి. అంతకు పూర్వము మన వంటలో కారమనగా మిరియమే. బంగాళాదుంప యను పేరే అది వంగదేశము మీదుగా మనకు వచ్చినదని చెప్పుచున్నది. కాలీఫ్లవరు, క్యాబేజీ ఐరోపావారు తెచ్చినవి. నిత్యపు వంటలోనికి ఇవన్నియు ప్రవేశించినవి గాని, పితృకార్యమునందును దేవుని వంటశాలయందును వెనుకటి పద్ధతియే నిలిచినది. మన తద్దినపు విస్తరియు, పూరీ మహాప్రసాదమును మిరప రాక పూర్వపు వంటశాలకు మిగిలియున్న రెండు సాక్ష్యములు.

ఈ మాటకు సాహిత్యమునను బలము కలదు. 1509 మొదలు 1529 వరకు రాజ్యమేలిన శ్రీకృష్ణదేవరాయలు తన ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు అతిథులకు ఋతువునకు తగిన భోజనము పెట్టిన తీరు వర్ణించెను. వానకాలమున వరుగులు, వడియములు, వేపుడు కూరలు. వేసవిని చల్లని పానీయములు, పండ్లు. చలికాలమున వేడి కూరలు, ఆవఘాటు గల ఊరగాయలు. అందు కారమునకు మిరియపు పొడియే చెప్పబడినది. అతిథికి ఏమి పెట్టవలెనో ముందుగా ఆలోచించి, వానలో తడియని వంటచెరకు సైతము కూర్చుకొనుట ఆ భక్తుని గృహధర్మము. పద్దు వ్రాసిన మా నాయనమ్మగారు ఆ కావ్యము చదువలేదు. ధర్మము మాత్రము ఎరుగుదురు.

కాని ఇచట మా గర్వము నణచు సంగతి యొకటి కలదు. సంక్రాంతికి ముఖ్యమని మేము పులుసు పెట్టుచున్న తియ్యగుమ్మడియు అమెరికానుండి వచ్చినదే. మన దేశపు ప్రాచీన గుమ్మడి బూడిదగుమ్మడి. చిలగడదుంపయు విదేశపుదే. మా నియమము మిరపను గుమ్మమువద్ద నిలిపి, గుమ్మడిని లోపలికి పిలిచినది. కాబట్టి ఆచారమనునది ఎప్పుడును మార్పులేనిదని వాదించుట సత్యము కాదు. ఒక్కొక్క తరము కొన్నిటిని చేర్చుకొనినది, కొన్నిటిని వలదనినది.

పండుగ తేదీ సైతము కదలుచున్నదే. వివేకానందస్వామి 1863 జనవరి 12వ తేదీన, మకరసంక్రాంతినాడు జన్మించిరి. ఇప్పుడు అదే సంక్రాంతి జనవరి 14, 15 తేదీలలో వచ్చుచున్నది. మన పంచాంగము సూర్యుని గమనమును నక్షత్రములనుబట్టి లెక్కించును. అయనచలనముచేత సుమారు 72 ఏండ్లకొక దినము తేడా పడును. ఇంగ్లీషు క్యాలెండరు పద్ధతి వేరగుటచే పండుగ మెల్లమెల్లగ ముందునకు జరుగుచున్నది. ఆకసమున జరుగుచున్నది వంటింట జరుగుటలో వింతయేమి?

ఇక అరిసెల సంగతి. భోగి ముందునాడు మొదటి వాయి నూనెలో వేయగనే విచ్చిపోయినది. రెండవ వాయియు అంతే. పాకము లేతగానున్నదని కొందరు, బెల్లము మంచిది కాదని కొందరు అనిరి. బెల్లము మరల కాచి ముదురుపాకము చేయగా ఈసారి అరిసెలు రాళ్ళవలె గట్టిపడినవి. పద్దు విప్పి చూచితిమి. అందు ఎంత బియ్యము, ఎంత బెల్లము అనియే కలదు గాని, ఎట్లు చేయవలెనో ఒక్క మాటయు లేదు. వ్రాసిన నాడు అది అందరి చేతులలో నుండినది గనుక వ్రాయనక్కరలేకపోయినది.

మధ్యాహ్నపు రైలుకు సోంపేటనుండి మా మేనత్తగారు దిగిరి. వారికి ఎనుబది యెనిమిదేండ్లు. కాళ్ళు కడుగుకొనకమునుపే పళ్ళెములోని పిండి వ్రేళ్ళతో నలిపి చూచి, "ఒరే నాయనా, పాకానిది కాదురా తప్పు. పిండి ఆరిపోయింది. మరలో ఆడించారు కదూ?" అనిరి. నిజమే. పొడిబియ్యము మరపట్టించి, పిదప నీరు చిలుకరించితిమి. అరిసెకు క్రొత్తబియ్యము రాత్రియంతయు నానవలెను; ఉదయమున వార్చి, తడియారకమునుపే దంచి జల్లించి, ఆ తడిపిండినే ఉండపాకమున పోయవలెను. పాకపు చుక్క చన్నీటిలో వేసిన వ్రేళ్ళ నడుమ మెత్తని యుండ కావలెను, విరిగిపోరాదు, జారిపోరాదు. వేగిన అరిసెను రెండు చట్రముల నడుమ నొత్తి నూనె పిండవలెను. మేనత్తగారు తమతో ఒక ఇత్తడి తవ్వ తెచ్చిరి. దానితో బియ్యము కొలిచి, ఇప్పటి త్రాసులో తూచి, కుంచము చిక్కు విడదీసితిమి.

ఆ రాత్రి బియ్యము మరల నానవేసితిమి. మరునాటి సాయంకాలమునకు అరిసెలు కుదిరినవి. మా కోడలు ఒకటి రుచి చూచి, తమ యింట దీనినే ఆరిసా పిఠా యందురనియు, పూరీలో స్వామికి నివేదింతురనియు చెప్పినది. అరవవారి అదిరసము, కన్నడిగుల కజ్జాయము, మరాఠీల అనారసె దీనికి తోబుట్టువులు. తిరుమలవద్ద శాసనములలో అతిరసము నైవేద్యముగా పేర్కొనబడినది. ఈ సంచికను చదువు మన వారు ఏ రాష్ట్రమున నున్నను పొరుగింట ఈ వంటకము మరొక పేరుతో కానవచ్చును.

సంక్రాంతినాడు ఆమె తన వంతుగా మకరచావుళ చేసినది. నానిన క్రొత్తబియ్యమున బెల్లము, కొబ్బరి, అరటిపండు, పాలు, అల్లము, మిరియము కలిపినది, పొయ్యితో పనిలేనిది. పద్దులో లేని వంటకమును ఈనాటి విస్తరిలో వడ్డింపవచ్చునాయని ఒకరిద్దరు సందేహించిరి. మేనత్తగారే మొదట చేయి చాచి, "కొత్తబియ్యం, బెల్లమే కదర్రా, పెట్టండి" అనిరి. అందరును పుచ్చుకొనిరి.

భోజనములైన పిమ్మట మా మనుమరాలు పద్దు చదువబోయి చదువలేకపోయినది. ఆమె చదువు ఒడియాలోను ఇంగ్లీషులోను సాగినది. తెలుగు మాటాడును గాని అక్షరములు రావు. మేము ఒక్కొక్క వరుస చదువగా ఆమె ఒడియా లిపిలో వ్రాసికొనెను. మేనత్తగారు చెప్పిన తడిపిండి, ఉండపాకము సంగతులును క్రింద చేర్చెను. మాకు సంతోషమును, దుఃఖమును ఒక్కమారుగా కలిగినవి. పద్దు నిలిచినది, దాని అక్షరములు మారినవి. మరునాటినుండి దినమునకు నాలుగక్షరములు చొప్పున ఆమెకు తెలుగు నేర్పుచున్నాము. అ ఆలతో గాక అరిసె, ఆవాలు, కంద, కొబ్బరి అను పద్దులోని మాటలతోనే మొదలిడితిమి.

చదువరులకు మా మనవి యొక్కటే. మీ యిండ్లలోను ఇట్టి కాగితములుండును. సరకుల పట్టీయని పారవేయకుడు. కొలతలను ఇప్పటి తూనికలలోనికి మార్చి వ్రాయుడు. చేయు విధము పెద్దలున్నప్పుడే అడిగి తెలిసికొనుడు. వచ్చే సంక్రాంతికి మా మేనత్తగారు రాగలరో లేదో చెప్పజాలము. ఆమె తవ్వ మాత్రము మా యింటనే విడిచి వెళ్ళినారు.