చెరువుకు చెల్లవలసిన పదవ పాలు

కరవు వచ్చిన ఏట రైతు ఇంట రెండు విధములైన పొదుపు కనబడును. ఒకటి, మూడు పూటల తిండిని రెండు పూటలకు తగ్గించుకొనుట. రెండవది, వచ్చే ఏటికని దాచిన విత్తనపు గింజలను దంచి వండుకొనుట. ఆనాటికి రెండును ఒక్క తీరుగనే గడచినట్లు తోచును. తొలకరి చినుకు పడిన నాడు గాని భేదము తెలియదు. గృహస్థునకు చెల్లిన ఈ మాట ప్రభుత్వములకును చెల్లును. రాబడి తగ్గినపుడు ప్రభుత్వము తన్ను తాను కుదించుకొనుట వింతయు కాదు, ఎల్లవేళల తప్పును కాదు. అది దేనిని తగ్గించుకొన్నది, దేనిని తినివేసినది అనునదే మనము అడుగవలసిన ప్రశ్న. ఈ ప్రశ్నకు మదనపల్లె, పుంగనూరు, కుప్పం సీమల చెరువుకట్టలు చెప్పు సమాధానమును కొంత విచారింతము.

ఈ మూడు ఊళ్ళును మైసూరు పీఠభూమి అంచున, సముద్రమట్టమునకు 2,000 అడుగులకు పైబడిన ఎత్తున ఉన్నవి. ఇక్కడ ఏడాది పొడుగునా పారు నది లేదు. మదనపల్లె ప్రక్కన పోవు బాహుదా నది చేయేటి ద్వారా పెన్నను చేరును. కుప్పం వైపు నీరు పాలారులోనికి దిగును. వాన కురిసిన నాలుగు దినములు వాగులు పొంగును, ఆపైన ఇసుకయే మిగులును. అందుచేత ఆ నాలుగు దినముల నీటిని పట్టి నిలుపుటయే ఇచటి వ్యవసాయమునకు ఆది మంత్రమైనది. పై చెరువు నిండి మరవ పారిన నీరు క్రింది చెరువులోనికి, అది నిండిన పిదప దాని క్రింది చెరువులోనికి చేరునట్లు మన పూర్వులు గొలుసుకట్టుగా చెరువులు నిర్మించిరి. ఈ గొలుసులో ఒక్క కట్ట తెగిన యెడల క్రిందనున్న కట్టలకు ముప్పు. ఒక్క చెరువు పూడినను గొలుసంతయు కొంత వట్టిపోవును.

కడప జిల్లా పోరుమామిళ్ళలో 1369వ సంవత్సరపు శాసనమొకటి కలదు. విజయనగర రాజకుమారుడు భాస్కరుడు అచట చెరువు కట్టించెను. రెండేండ్ల పాటు దినమునకు వేయి మంది కూలీలు పనిచేసిరనియు, రాళ్ళు తోలుటకు నూరు బండ్లు నడచెననియు శాసనము చెప్పుచున్నది. మంచి చెరువునకు కావలసిన పండ్రెండు సాధనములను, చెరువునకు రాగల ఆరు దోషములను కూడ అది పేర్కొన్నది. కట్ట నుండి నీరు ఊరుట, చవుడు నేల, రెండు రాజ్యముల సరిహద్దున ఉండుట మున్నగునవి ఆ దోషములు. నీరు కొంచెమై, దానిని ఆశ్రయించిన నేల విస్తారమగుటయు అందులో నొకటి. ఈ కడపటి దోషమును జ్ఞాపకముంచుకొన వలసినదిగా కోరుచున్నాను.

చెరువు కట్టుట ఒకనాటి పని. దానిని కాపాడుట నిత్యకృత్యము. ప్రతి యేట తూము చూడవలెను, గండి పూడ్చవలెను, కట్టమీది చెట్లను కొట్టవలెను, పూడిక తీయవలెను. ఇందుకు కడప, ఉత్తర ఆర్కాటు, బళ్ళారి సీమలలో దశబంధమను ఏర్పాటు అమలులో నుండెను. చెరువును కట్టినవానికి, లేదా బాగుచేయు బాధ్యత వహించినవానికి, దానిక్రింది ఆయకట్టు ఆదాయములో కొంత పాలు వదలిపెట్టుటయే దశబంధము. పేరును బట్టి అది పదవ వంతు. ఆచరణలో చోటును బట్టి హెచ్చుతగ్గులుండెను. ఒక నిర్ణీతమైన భూమినే ఇచ్చిన యెడల ఖండ దశబంధమనియు, ఆయకట్టు శిస్తులో పాలు తగ్గించి ఇచ్చిన యెడల షామిలాత్ దశబంధమనియు అనిరి.

ఈ ఏర్పాటులోని మర్మమును గమనింపుడు. రాజు బలహీనుడు కావచ్చును, బొక్కసము ఖాళీ కావచ్చును. విజయనగరము పతనమైన పిదప ఈ సీమ పాళెగాండ్ర చేతులలోను, హైదరాలీ, టిప్పు సుల్తానుల దండయాత్రలలోను నలిగినది. అట్టి కాలములో దూరపు రాజధాని నుండి మరమ్మతు ధనము వచ్చుట కల్ల. అయినను చెరువు పండించిన పంటలో చెరువు పాలు ఊరిలోనే నిలిచిపోవు ఏర్పాటు ఉన్నంతవరకు, కట్టను చూచుకొను నాథుడొకడు ఉండెను. నీరుగంటి తన మేరను కళ్ళములోనే కొలిపించుకొనెను. ప్రభుత్వము చిన్నదియే, కాని విత్తనపు గింజ భద్రముగా నుండెను. ఆ కాలమంతయు స్వర్ణయుగమని నేననుట లేదు. పాళెగాండ్ర దోపిడి తక్కువది కాదు, యుద్ధములలో తెగిన కట్టలు వేలు. కాని బాగుచేయు పద్ధతి మాత్రము నశింపలేదు.

1792 నుండి 1800 వరకు జరిగిన యుద్ధముల, సంధుల ఫలితముగా ఈ ప్రాంతములు ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చినవి. మదనపల్లె కడప జిల్లాలో చేరెను. పుంగనూరును, కుప్పం ముఖ్యస్థానముగా గల కంగుందియు జమీందారీలుగా ఉత్తర ఆర్కాటు జిల్లాలో మిగిలెను. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడిన పిదపనే ఈ మూడును ఒక్క జిల్లా క్రిందికి వచ్చినవి.

దత్తమండలములకు 1800 నుండి 1807 వరకు ప్రధాన కలెక్టరుగా నుండిన థామస్ మన్రో, పదవి విడుచు ముందు 1807 ఆగస్టులో ఒక సూచన చేసెను. భూములన్నిటిపైన శిస్తును నూటికి 25 వంతున తగ్గించవలెననియు, బావులను సొంత ఖర్చుతో బాగుచేసికొను రైతులకు మరి 8 వంతులు, అనగా మొత్తము 33 వంతులు తగ్గించవలెననియు అతడు వ్రాసెను. చిన్న చెరువుల మరమ్మతును రైతులే వహించుటకు ఒప్పుకొన్నచోట ఆ క్రింది భూములకును అదే తగ్గింపు ఈయవలెననెను. ఇదియు ప్రభుత్వమును కుదించుకొనుటయే. కాని బాధ్యతతోపాటు దానికి తగిన ధనమును రైతు చేతిలో వదలుట ఇందులోని న్యాయము. దశబంధపు సూత్రమును మన్రో తన లెక్కలలోనికి తెచ్చెనని చెప్పవచ్చును.

కంపెనీవారు ఆనాడు దానిని అంగీకరింపలేదు. గ్రామములను గుత్తలకిచ్చు పద్ధతిని ప్రవేశపెట్టిరి. 1820లో మన్రో గవర్నరై వచ్చి రైత్వారీని మరల నెలకొల్పినపుడు తగ్గింపు కొంత లభించెను. కాని అప్పటికే మరియొక విపత్తు ప్రారంభమైనది. 1820ల నడిమి నుండి ఇంచుమించు మూడు దశాబ్దముల పాటు మద్రాసు రాజధానిలో ధాన్యపు ధరలు పడిపోయినవి. శిస్తు రూపాయలలో నిర్ణయమై యుండెను. ధర సగమైనపుడు అదే రూపాయికి రెట్టింపు ధాన్యము అమ్మవలెను. అందరును ఒక్కమారు అమ్మజూపినపుడు ధర ఇంకను తగ్గును. రైతునకు ఇది ఉచ్చు.

కంపెనీకిని చిక్కులు వచ్చెను. 1824 నుండి 1826 వరకు సాగిన బర్మా యుద్ధము అప్పులపాలు చేసెను. 1828లో గవర్నరు జనరలుగా వచ్చిన విలియం బెంటింకు ఖర్చులు తగ్గించుటయే ప్రధాన కార్యముగా పెట్టుకొని, సైనికాధికారుల భత్యములను సైతము కోసెను. కలెక్టరుల మరమ్మతు పద్దులును ఆ గాలికి బిగుసుకొనెను. ప్రభుత్వము ఖర్చును కుదించెను గాని వసూలును కుదింపలేదు. మన్రో చెప్పిన బేరములో రైతు మోయవలసిన భాగము మాత్రము నిలిచి, రైతునకు రావలసిన భాగము జారిపోయినది. 1834 నుండి 1848 వరకు పదునాలుగేండ్లలో కంపెనీ తన విశాల రాజ్యమంతట పబ్లిక్ పనులకు పెట్టిన ఖర్చు కంటె, మాంచెస్టరు నగరము ఒక్కటే తన ప్రజలకు మంచినీరిచ్చుటకు పెట్టిన ఖర్చు ఎక్కువ యని జాన్ బ్రైటు 1858లో పార్లమెంటులో ఎత్తిపొడిచెను. ఆ సంవత్సరమే మద్రాసు ప్రభుత్వము నిర్బంధ శ్రమ చట్టమును చేసెను. కట్ట తెగబోవు సమయమున ఊరివారిని పనికి పిలుచు అధికారమును అది అధికారులకిచ్చెను. వాడుకగా చేయు కుడిమరామత్తును చట్టముతో రప్పింప జూచిరన్న మాట. పాలు పోయిన చోట పని మాత్రము ఉండునా?

చెరువునకు తల్లి అడవి. గుట్టమీద చెట్టు ఉన్నంతకాలము వాననీరు నెమ్మదిగా దిగును, మన్ను గుట్టమీదనే నిలుచును. జోలారుపేట నుండి బెంగుళూరు వెళ్ళు రైలు దారి 1864లో కుప్పం మీదుగా సాగెను. ఆనాటి దక్షిణాది ఇంజనులు ఎక్కువగా కట్టెలతోనే నడచినవి. పట్టాల క్రింది దుంగలకును, బాయిలరులోని మంటకును దారి ప్రక్కనున్న అడవులు కరగినవి. అడవుల నరికివేతను గూర్చి మద్రాసు అటవీ సంరక్షకుడు హ్యూ క్లెగ్‌హారన్ 1861లోనే తన గ్రంథమున హెచ్చరించెను. చట్టము మాత్రము 1882లో గాని రాలేదు. అది వచ్చిన పిమ్మట రిజర్వు అడవి హద్దులు పడి, మడికి పచ్చిరొట్టయు, పశువునకు మేతయు తెచ్చుకొను రైతు గుట్ట వెలుపల నిలువవలసి వచ్చెను. అడవిని తరిగించిన లాభము ఒకరిది, కాపాడు భారము మరియొకరిది.

ఇట్లు పూడిన చెరువులతో, పలచబడిన అడవులతో ఉన్న సీమను 1876లో అనావృష్టి తాకెను. 1878 వరకు సాగిన ఆ కరవునే మనవారు ధాత కరవనిరి. వెండి ధర తగ్గి రూపాయి విలువ పడిపోవుచుండుటచే ప్రభుత్వము అప్పుడును పొదుపు మంత్రమునే జపించుచుండెను. గవర్నరు జనరలు లిట్టను పంపగా వచ్చిన సర్ రిచర్డు టెంపుల్, 1877 ఆరంభమున కరవు పనులలోని కూలిని మగవానికి దినమునకు ఒక పౌను ధాన్యము, దానిపైన కొలది సొమ్మునకు తగ్గించెను. అంత తిండితో రాళ్ళు కొట్టువాడు బ్రదుకలేడని మద్రాసు ఆరోగ్యాధికారి కార్నిషు వాదించెను. కొన్ని నెలలకు కూలిని పెంచిరి, కాని ఆ నెలలు తిరిగి రావు గదా! మద్రాసు రాజధాని జనాభా 1871లో సుమారు 3 కోట్ల 12 లక్షలు. పదేండ్లకు పెరుగవలసినది పోయి 1881లో సుమారు 3 కోట్ల 8 లక్షలైనది.

ఇన్ని ప్రాణములు పోయిన పిదప 1883లో ప్రభుత్వము చెరువుల పునరుద్ధరణ పథకమును ప్రారంభించెను. ఒక్కొక్క చెరువును కొలిచి, కట్ట ఎత్తు, తూము మట్టము, మరవ పొడవు నిర్ణయించి, బాగుచేయు పనికి పూనుకొనెను. ఏటేటా కొంచెముగా పెట్టవలసిన ఖర్చును మిగిల్చినామనుకొన్నవారు తుదకు ఎంత చెల్లించిరో ఆలోచింపుడు.

ఈ కథ దొరలతోనే ముగియలేదు. 1948 చట్టముతో జమీందారీలు రద్దయినవి. జమీను చెరువులును ప్రభుత్వము వశమైనవి. అది న్యాయమైన మార్పే. కాని చెరువు అందరిది అగుటతో తనది యనువాడు తక్కువైనాడు. బావికి మోటారు, తరువాత బోరు వచ్చెను. చెరువు నీటికి ఊరివారందరు కలియవలెను, బోరునకు ఒక్కని అప్పు చాలును. 1997లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము చట్టము చేసి సాగునీటి నిర్వహణలో కొంత భాగమును నీటి వినియోగదారుల సంఘములకు అప్పగించెను. 2002లో భూగర్భజలమును, చెట్లను కాపాడుటకు వాల్టా చట్టము వచ్చెను. 2004లో వ్యవసాయమునకు ఉచిత విద్యుత్తు వచ్చెను. ఒక చేయి బోరును అదుపు చేయ జూడగా, మరియొక చేయి దానిని నడిపించినది.

మదనపల్లె టమోటా మార్కెట్టు నేడు దేశమంతట పేరు గాంచినది. ఆ ఎఱ్ఱని రాశుల వెనుక బోరునీరు కలదు. ధర పడిన నాడు రైతు అప్పు తీర్చుటకు మరి రెండు మళ్ళు నాటును, మరియొక బోరు దింపును. అందరును అట్లే చేయుటచే ధర ఇంకను పడును, నీరు ఇంకను లోతునకు పోవును. 1830ల నాటి రైతు పడిన ఉచ్చే ఇది, రూపు మాత్రము మారినది. ఆనాడు పోయినది కట్ట, ఈనాడు పోవుచున్నది భూమి కడుపులోని నీరు. కట్ట కంటికి కనబడును గనుక మరల కట్టగలిగిరి. వందలకొలది అడుగుల క్రింద, రాతి నెఱ్ఱెలలో యుగములు దాచిన నీటిని ఏ పథకము పునరుద్ధరించును? హంద్రీ-నీవా కాలువ శాఖలు పుంగనూరు, కుప్పం దిక్కులకు కృష్ణా జలములను మోయుటకై త్రవ్వబడినవి. అవి రావలసినవే. కాని ఆ నీరైనను నిలుచుటకు చెరువే కావలెను గదా!

నీరు కొంచెమై నేల విస్తారమగుట దోషమని పోరుమామిళ్ళ శాసనము ఆరువందల ఏండ్ల క్రిందటనే చెప్పెను. పెద్ద ప్రభుత్వమా, చిన్న ప్రభుత్వమా యను వాదము పండితులకు ముచ్చటైనది. చెరువు అడుగు ప్రశ్న వేరు: నేను పండించిన దానిలో నా పాలు నాకు చేరినదా? చేరిన కాలమున బీద రాజుల ఏలుబడిలోను మడి పండెను. చేరని కాలమున మహా సామ్రాజ్యపు నీడలోను జనులు ఆకటితో మాడిరి. రాబడి తగ్గిన ఏట దేనినైనను కోయుడు, చెరువు పాలును మాత్రము కోయకుడు. అది ఖర్చు కాదు, వచ్చే ఏటి విత్తనము.