అదాలత్ జబాన్ మారిన ప్రతిసారీ...

ఉర్దూలో ‘ముద్దఈ’ అంటే దావా వేసినవాడు. దావా ఎవరి మీద పడిందో అతను ‘ముద్దాఅలైహ్’. అదే లఫ్జ్ తెలుగులోకి వచ్చి ‘ముద్దాయి’ అయ్యేసరికి, నేరం మోయాల్సినవాడు అయిపోయాడు. ‘రాజీనామా’ సంగతీ అంతే. ఉర్దూలో అది రెండు పక్షాలూ రాజీపడి రాసుకునే కాగితం. తెలుగులో నౌకరీ వదిలేసే కాగితం. దానికి మనం ఇస్తీఫా అంటాం. రెండు జబాన్లూ నడిచే ఇళ్లు మనవి కాబట్టి ఇలాంటివి విని నవ్వుకుంటాం. కానీ కోర్టు కాగితం మీద లఫ్జ్ అర్థం కాకపోతే పోయేది నవ్వు కాదు, హక్కు.

ఈ తక్లీఫ్ కొత్తది కాదు. హైదరాబాద్ రియాసత్‌లో అదాలత్‌ల జబాన్ మొదట ఫారసీ. 1884లో దాని జాగాలోకి ఉర్దూ వచ్చింది. అప్పట్లో కానూన్ తెలియాలంటే ‘జరీదా’ చూడాలి. అది సర్కారీ గెజెట్. ఫర్మాన్లు, కొత్త కానూన్లు అందులోనే అచ్చయ్యేవి. హైకోర్టు ఫైసలాల కోసం వకీళ్లు ‘దక్కన్ లా రిపోర్ట్’ తిరగేసేవారు. అదీ ఉర్దూలోనే. 1917లో దారుత్తర్జుమా పెట్టారు, మరుసటి ఏడాది ఉస్మానియా యూనివర్సిటీ వచ్చింది. కానూన్ చదువూ ఉర్దూలోనే సాగింది. 1920లో మూసీ ఒడ్డున హైకోర్టు ఇమారత్ తెరిచారు. ఒక హిందుస్తానీ జబాన్‌లో పైకోర్టు దాకా ఇన్సాఫ్ నడిచిందంటే మనకు ఫఖ్ర్ కలగడం సహజమే.

కానీ ఆ ఫఖ్ర్‌తో పాటు ఇన్సాఫ్ కూడా చూపాలి. తెలంగాణ రైతు ఇంట్లో మాట్లాడింది తెలుగు. తన భూమి మీద వచ్చిన ఫైసలా తనకే చదవరాదు. వకీలు ఏం చెబితే అదే నమ్మాలి. 1921 నవంబరులో హైదరాబాద్ వివేకవర్ధినిలో జరిగిన సంఘసంస్కరణ సభలో ఆలంపల్లి వెంకటరామారావు అనే వకీలు తెలుగులో మాట్లాడబోతే సభలో గోల చేసి హేళన చేశారు. ఆ అవమానం నుంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. ఆయన కూడా ఉర్దూ అదాలత్‌లో పనిచేసే మనిషే.

కాచిగూడ నుంచి బర్కత్‌పురా మీదుగా నారాయణగూడ పోతే ఆ తరం వకీళ్ల నిషానీలు ఇంకా కనబడతాయి. కేశవ్ మెమోరియల్ విద్యాసంస్థలకు పేరిచ్చిన కేశవరావు కోరట్కర్ మొదట వకీలు, తర్వాత నిజాం హైకోర్టు జడ్జి. మాతృభాష మరాఠీ. నారాయణగూడలో ఆడపిల్లలకు తెలుగు బడి పెట్టించిన మాడపాటి హనుమంతరావు కూడా వకాలత్ చేసినవారే. ఉర్దూ వచ్చు, తెలుగు కోసం కొట్లాడారు. జబాన్‌తో వాళ్లకు దుష్మనీ లేదు. తలుపు మూసి ఉండటంతోనే పేచీ.

1948 తర్వాత హవా తిరిగింది. అదాలత్‌లో ఇంగ్లిష్ వచ్చింది. ఈసారి గుమ్మం బయట నిలబడింది మన దాదాలు. ఉర్దూలో కానూన్ చదివినవాళ్లు ఇంగ్లిష్‌లో బహస్ చేయాల్సి వచ్చింది. ఇంట్లో పెట్టెల్లో ఉన్న బైనామాలు, హిబానామాలు మనవళ్లకు బొమ్మల్లా కనబడటం మొదలైంది. రాజ్యాంగం 348వ అధికరణం కింద హైకోర్టు, సుప్రీంకోర్టు పనిభాష నేటికీ ఇంగ్లిషే.

ఇప్పుడు మరో మలుపు. కానూన్ కితాబులు కొనలేని ఇంటికి కూడా ఫోన్‌లోనే అన్నీ ముఫ్త్‌గా వస్తున్నాయి. 2008లో మొదలైన ఇండియన్ కానూన్‌లో ఫైసలాలు వెతకొచ్చు. ఇండియా కోడ్‌లో చట్టాలున్నాయి. 1937 షరియత్ చట్టం, 1939 ముస్లిం వివాహాల రద్దు చట్టం కూడా అక్కడే చదవొచ్చు. 2023 జనవరిలో సుప్రీంకోర్టు తన రిపోర్టులను ఈ-ఎస్‌సీఆర్ పేరుతో అందరికీ తెరిచింది. కేసుకిచ్చిన 16 అక్షరాలు, అంకెల సీఎన్ఆర్ నంబరు కొడితే ఈ-కోర్ట్స్‌లో మీ పేషీ తారీఖు మీకే తెలుస్తుంది. తలాక్ అయిన ముస్లిం మహిళ కూడా క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షన్ కింద నఫఖా అడగొచ్చని 2024 జులై 10న సుప్రీంకోర్టు చెప్పింది కదా, అది తెలంగాణ నుంచి వెళ్లిన అప్పీలే. దాని మీద వాట్సాప్‌లో ఎన్ని మాటలు తిరిగాయో! అసలు ఫైసలా తెరిచి చదివినవాళ్లు మనలో ఎంతమంది?

కోర్టు ఫైసలాల తెలుగు తర్జుమాలూ వస్తున్నాయి. సమజ్ కోసం చదవండి, కానీ చెల్లేది ఇంగ్లిష్ అసలే అని గుర్తుంచుకోండి.

అయితే మన పెట్టెలో ఉన్న కాగితాన్ని ఏ వెబ్‌సైటూ చదివి పెట్టదు. తెలంగాణ భూమి శిస్తు చట్టం పేరులో నేటికీ ‘1317 ఫస్లీ’ అని ఉంది. ఫస్లీకి 590 కలిపితే 1907. 1954-55 నాటి ఖాస్రా పహాణీ భూమి తగాదాల్లో ఇప్పటికీ బయటికొస్తుంది, ఉర్దూలో. 2025 జూన్ 6న కేంద్రం ఉమీద్ పోర్టల్ తెరిచి వక్ఫ్ ఆస్తుల వివరాలన్నీ ఎక్కించమంది. ఇచ్చిన మొహలత్ ఆరు నెలలు. మస్జిద్, ఖబ్రస్తాన్ ముతవల్లీ చేతిలో ఉండే నిజాం కాలం ముంతఖబ్ ఉర్దూలో ఉంటే, ముందు దాన్ని చదివేవాళ్లు కావాలి కదా.

ఇంట్లో నానీ, చిచ్చా చదవగలిగిన రోజుల్లోనే ఆ కాగితాలు తీయండి. ఫొటో తీసి దాచండి. పేరు, సర్వే నంబరు, హద్దులు, ఫస్లీ సాల్ తెలుగులో రాయించి పెట్టుకోండి. షికస్తా రాత అయితే తెలిసినవారిని వెతకండి. కోర్టుకు ఇవ్వాల్సి వస్తే పద్ధతి ప్రకారం తర్జుమా ఎలా చేయించాలో వకీల్ సాబ్‌ను అడగండి.

చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో, అశోక్‌నగర్ కోచింగుల్లో మన పిల్లలు కూడా కూర్చుని రాజ్యాంగం అధికరణాలు బట్టీ పడుతున్నారు. తెలుగు, ఇంగ్లిష్ వాళ్లకు బాగా వచ్చు. వాళ్లకు రానిది దాదా దస్తఖత్ చదవడమే. ఆ ఒక్కటీ నేర్పితే మూడు జబాన్ల అదాలత్‌లోనూ తమ హక్కు తామే చదువుకోగలిగిన మొదటి తరం వాళ్లదే అవుతుంది, ఇన్‌షా అల్లాహ్.