పాపపు ఒప్పుకోలు

విశ్వాసి తాను చేసిన పాపాన్ని తనదిగా అంగీకరించి, దేవుని ఎదుట క్షమాపణ వేడుకోవడాన్ని క్రైస్తవంలో పాపపు ఒప్పుకోలు అంటారు. కతోలికులు దీన్ని పాపసంకీర్తనం అని పిలుస్తారు. రెండు వేల ఏళ్లలో ఇది సభ మధ్యలో, గురువు చెవిలో, సంఘమంతా కలిసి చేసే ప్రార్థనలో, గది తలుపు వేసుకున్న ఏకాంతంలో సాగింది. పాపి తప్పించుకోకూడదనే ఒక్కో పద్ధతీ పుట్టింది. కొన్నాళ్లకు ఆ పద్ధతి చాటునే దాక్కునే దారులూ తెరుచుకున్నాయి. ఈ చరిత్రంతా ఆ పెనుగులాటే.

దాని మొదలు ఆదికాండంలోనే ఉంది. తినవద్దన్న పండు ఎందుకు తిన్నావని దేవుడు అడిగితే ఆదాము హవ్వను చూపించాడు, హవ్వ సర్పాన్ని చూపించింది. దావీదు అలా చేయలేదు. ఊరియాను యుద్ధంలో చంపించి అతని భార్య బత్షెబను చేపట్టిన ఆ రాజును నాతాను ప్రవక్త ఒక పేదవాడి గొర్రెపిల్ల కథ చెప్పి నిలదీశాడు. రాజు ఏ సాకూ వెతుక్కోలేదు. 51వ కీర్తన ఆ సందర్భంలోదేనని సంప్రదాయం చెబుతుంది. క్రీ.పూ. 6వ శతాబ్దంలో బబులోను చెరలో ఉన్న యూదులు, తాతతండ్రుల పాపం తమకు చుట్టుకుందని వాపోయేవారు. యెహెజ్కేలు ప్రవక్త ఆ మాట ఒప్పుకోలేదు. ఎవరి పాపానికి వారే బాధ్యులని ఆయన గ్రంథంలోని 18వ అధ్యాయం తేల్చి చెబుతుంది. మనిషిని వంశంతోనే లెక్కగట్టే ఆ కాలంలో అది చాలా సాహసం.

తొలి సంఘాన్ని వేధించిన ప్రశ్న వేరు: బాప్తిస్మం పొందాక ఘోర పాపం చేసినవారి గతి ఏమిటి? క్రీ.శ. 250లో ఈ ప్రశ్న వీధికెక్కింది. సామ్రాజ్యంలోని వారంతా దేవతలకు బలి అర్పించి ధ్రువపత్రం తీసుకోవాలని రోమన్ చక్రవర్తి డెసియస్ ఆజ్ఞ జారీచేశాడు. అలాంటి పత్రాలు ఈజిప్టులో నలభైకి పైగా దొరికాయి. ప్రాణభయంతో కొందరు క్రైస్తవులు బలి ఇచ్చారు. మరికొందరు బలి ఇవ్వకుండానే లంచమిచ్చి పత్రం సంపాదించారు. చేతికి మట్టి అంటలేదు గనుక తాము విశ్వాసం తప్పలేదని వాదించారు. కార్తేజి బిషప్ సిప్రియన్ ఆ వాదనను అంగీకరించలేదు, అలాగని వారి ముఖాన తలుపూ వేయలేదు. రోములో నోవేషియన్ మాత్రం విశ్వాసం తప్పినవారిని తిరిగి చేర్చుకోవడమే తగదన్నాడు. 251లో కార్తేజిలో సమావేశమైన బిషప్పులు ఒక్కొక్కరి సంగతీ విడివిడిగా విచారించాలని నిర్ణయించారు. కఠినత్వానికీ అలసత్వానికీ మధ్య వారు పట్టుకున్న ఈ దారి సంఘాన్ని నిలబెట్టింది.

చక్రవర్తికి కూడా ఈ ఒప్పుకోలు తప్పలేదు. 390లో థెస్సలొనీక ప్రజలు ఒక సైన్యాధికారిని చంపారని థియోడోషియస్ చక్రవర్తి ఆ ఊరిపై ఊచకోతకు ఆదేశించాడు. ప్రాయశ్చిత్తం చేసుకునేదాకా ఆయన సమక్షంలో బలిపూజ అర్పించనని మిలాను బిషప్ ఆంబ్రోస్ లేఖ రాశాడు. చక్రవర్తి రాజచిహ్నాలు తీసివేసి, గుడిలో అందరి ఎదుటా విలపించాడు.

ఆంబ్రోస్ చేతి మీదుగా బాప్తిస్మం పొందిన అగస్టీను ఈ మథనాన్ని లోలోతులకు తీసుకుపోయాడు. యౌవనంలో ఏళ్ల తరబడి మానికేయ మతంలో ఉన్న ఆయనకు, తనలో పాపం చేసేది తాను కాదనీ, మరేదో దుష్టస్వభావమనీ నమ్మడం హాయిగా ఉండేది. ఆ హాయి తన గర్వానికి నచ్చిందని తన ఆత్మకథ ‘కన్ఫెషన్స్’లో స్వయంగా రాశాడు. పదహారేళ్ల వయసులో ఆకలి లేకుండానే పండ్లు దొంగిలించిన సంగతిని పేజీల కొద్దీ తవ్వాడు. అదే అగస్టీను ఆదాము పాపం అందరికీ సంక్రమిస్తుందని బోధించాడు. అలాగైతే మనిషికి బాధ్యత ఎక్కడిదని పెలాజియస్ అనే బోధకుడి పక్షం ప్రశ్నించింది. 418లో కార్తేజి సభ పెలాజియస్ బోధను ఖండించింది గానీ ఆ ప్రశ్న మాత్రం సమసిపోలేదు. ఆదాము అపరాధం కూడా సంక్రమిస్తుందన్న మాటను తూర్పు సంఘాలు స్వీకరించలేదు.

6వ శతాబ్దంలో ఐర్లండు సన్యాసులు రహస్యంగా, ఎన్నిసార్లయినా పాపం ఒప్పుకునే పద్ధతిని వ్యాపింపజేశారు. ఏ పాపానికి ఎన్నాళ్ల ఉపవాసమో చెప్పే పుస్తకాలు వచ్చాయి. వాటి వెంటే మినహాయింపులూ వచ్చాయి: మధ్యయుగపు ఇంగ్లండులో ధనవంతుడు తన ఉపవాసాన్ని ఇతరుల చేత చేయించుకునే వీలుండేది. 1215లో నాలుగో లాటరన్ మహాసభ ఏడాదికి ఒక్కసారైనా గురువు దగ్గర పాపాలు చెప్పుకోవాలని శాసించింది. విన్నది బయటపెట్టిన గురువును పదవి నుంచి తొలగించి, జీవితాంతం మఠంలో ఉంచాలని కూడా అదే నిబంధనలో చేర్చింది.

పాపపరిహార పత్రాల అమ్మకం మార్టిన్ లూథర్‌ను కదిలించింది. 1517లో ఆయన రాసిన 95 వాదాల్లో మొదటిదే, విశ్వాసి జీవితమంతా పశ్చాత్తాపంగా సాగాలంటుంది. అయితే ఆయన వ్యక్తిగత ఒప్పుకోలును రద్దు చేయలేదు. బలవంతాన్ని తీసేసి, ఆ అలవాటును నిలుపుకొన్నాడు. కతోలిక సంఘం 1551లో ట్రెంట్ మహాసభలో పాపసంకీర్తనం సంస్కారమేనని మళ్లీ నొక్కిచెప్పింది. మరుసటి ఏడాది ఇంగ్లండు ప్రార్థన పుస్తకం ఉదయ ఆరాధన ఆరంభంలో సంఘమంతా కలిసి చెప్పే ఒప్పుకోలును చేర్చింది.

తెలుగు నేలపై, పశ్చాత్తాపం నిజమైనదేనా అన్న ప్రశ్న కరవు కాలంలో ఎదురైంది. 1876–78 దుర్భిక్షంలో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ పనిలో వేలమందికి కూలి చూపాడు. జనం అన్నం కోసమే వస్తున్నారేమోనని బాప్తిస్మాలు ఆపేశాడు. కరవు సహాయం ముగిశాక 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. పల్లె, కులం కలిసి తీసుకున్న నిర్ణయాన్ని వ్యక్తి మారుమనస్సుగా లెక్కించవచ్చా అన్న చర్చ ఆ తర్వాత దశాబ్దాల పాటు నడిచింది. ఆకలితో ఉన్నవారి మనస్సాక్షిని తేలిగ్గా తీసిపారేయడం అన్యాయం. వారిలో చాలామంది అవమానాలకు ఓర్చి ఆ విశ్వాసంలో నిలిచారు.

1947లో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘం ప్రభు భోజన క్రమంలో సామూహిక ఒప్పుకోలుకు చోటిచ్చింది. కతోలికులకు 1973లో వెలువడిన కొత్త క్రమం, అసాధారణ పరిస్థితుల్లో గురువు అందరికీ ఒకేసారి పాపవిమోచనం ప్రకటించడానికి అనుమతించింది. అలా విమోచనం పొందినవారు కూడా ఆ తర్వాత తమ ఘోర పాపాలను ఒక్కొక్కరుగా వచ్చి చెప్పుకోవలసిందే.