బోదకాలు మందు: డెబ్బై అయిదేళ్ళ సాక్ష్యం

ఒక మందు పనిచేస్తుందా, చేయదా అన్నది వైద్యులు తేల్చవలసిన విషయం కదా, చరిత్ర పాఠంలో దాని ప్రసక్తి ఎందుకని మీకు అనిపించవచ్చు. ఒక శాసనాన్ని ముందు పెట్టుకున్నప్పుడు మీరు కొన్ని ప్రశ్నలు వేస్తారు. ఈ మాట ఎవరు చెప్పారు? వారికి ఎలా తెలిసింది? దీన్ని బలపరిచే మరో ఆధారం ఉందా? మందు గురించి ఎవరైనా ఒక మాట చెప్పినప్పుడు వేయవలసిన ప్రశ్నలూ ఇవే. బోదకాలుకు ఇచ్చే డి.ఇ.సి. అనే మందు చరిత్రను ఉదాహరణగా తీసుకుని, వైద్య పరిశోధనలో ఆధారాలను ఎలా తూచాలో ఈ పాఠంలో తెలుసుకుందాం.

1. రోగానుభవం ఎంతవరకు సాక్ష్యం?

శ్రీకాకుళం జిల్లాలో నరసన్నపేట, పోలాకి, జలుమూరు వైపు పెరిగినవారికి బోదకాలును పరిచయం చేయనక్కరలేదు. మన రాష్ట్రంలో ఈ వ్యాధి పాతుకుపోయిన కోస్తా జిల్లాలలో శ్రీకాకుళం ఒకటి. గజ్జల్లో బిళ్ళ కట్టడం, చలితో జ్వరం రావడం, కాలు ఎర్రబడి వాయడం, కొన్నాళ్ళకు తగ్గడం, మళ్ళీ రావడం ఈ వ్యాధి నడిచే తీరు. ఏళ్ళ తరబడి ఇలా జరిగితే వాపు నిలిచిపోతుంది. మగవారిలో కొందరికి వరిబీజం వస్తుంది.

ఈ జ్వరం సాధారణంగా కొద్ది రోజుల్లో దానంతట అదే తగ్గుతుంది. రెండో రోజున ఆకు పసరు కట్టినా, తాయెత్తు కట్టినా, సూది వేయించినా నాలుగో రోజుకు జ్వరం దిగుతుంది. ఆ పేరు చివరగా చేసిన వైద్యానికి దక్కుతుంది. రోగి అబద్ధం చెప్పడం లేదు. జ్వరం తగ్గింది నిజమే, కట్టు కట్టిందీ నిజమే. కట్టు వల్లనే తగ్గిందన్నది మాత్రం ఇంకా రుజువు కాలేదు. వచ్చి పోయే లక్షణం ఉన్న ఏ వ్యాధిలోనైనా ఈ జాగ్రత్త అవసరం.

2. మందు పుట్టుక

1872లో కలకత్తాలో తిమోతీ లూయిస్ మనిషి రక్తంలో సన్నని పురుగు పిల్లలను చూశాడు. వీటినే మైక్రోఫైలేరియా అంటారు. 1877లో చైనాలోని అమోయ్‌లో ప్యాట్రిక్ మాన్సన్ ఇవి దోమ శరీరంలో పెరుగుతాయని గమనించాడు. మన ప్రాంతంలో ఈ వ్యాధిని మోసేది మురుగునీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ. పగలు రక్తంలో దాదాపు కనబడని ఈ పురుగు పిల్లలు అర్ధరాత్రి వేళ ఎక్కువగా కనబడతాయి. అందుకే ఆరోగ్య సిబ్బంది రాత్రిపూట రక్తపు చుక్కలు తీస్తారు.

భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ సంస్థలో పరిశోధనలకు నాయకత్వం వహిస్తున్న కాలంలో, 1947లో, డి.ఇ.సి. వెలుగులోకి వచ్చింది. మొదట ఎలుకలలో, కుక్కలలో ఉండే ఫైలేరియా పురుగులపై దాన్ని పరీక్షించారు. అదే ఏడాది ప్యూర్టోరికోలో రోగులకు ఇచ్చి చూశారు. రక్తంలోని పురుగు పిల్లలు వేగంగా తగ్గాయి. హెట్రజాన్ అన్న పేరుతో ఈ మందు ప్రపంచమంతటికీ చేరింది. సుబ్బారావు 1948లో మరణించారు.

3. దేనిమీద పనిచేస్తుంది?

ఇక్కడ మీరు ఆగి గమనించవలసిన విషయం ఒకటుంది. 1947 నాటి ఆధారం రక్తంలోని పురుగు పిల్లల గురించినది. రోగి అడిగేది తన కాలి గురించి. ఈ రెండూ ఒకటి కావు. వాపు స్థిరపడేనాటికి శోషరస నాళాలు దెబ్బతిని ఉంటాయి. అటువంటివారిలో చాలామంది రక్తంలో పురుగు పిల్లలు అసలు కనబడకపోవచ్చు. మరోవైపు, చూడడానికి ఆరోగ్యంగా ఉన్న పొరుగింటి యువకుడి రక్తంలో అవి వేలల్లో ఉండవచ్చు.

అందుకే "మా నాన్న మాత్రలు మింగాడు, కాలు తగ్గలేదు. మరి మేమెందుకు మింగాలి?" అన్న మాటను తోసిపుచ్చకుండా విడదీసి చూడాలి. మొదటి సగం సరైన పరిశీలనే. స్థిరపడిన వాపును డి.ఇ.సి. మామూలు స్థితికి తేలేదు. రెండో సగం మాత్రం దాని నుంచి రాదు. సామూహికంగా మాత్రలు ఇచ్చేది ఒకరి నుంచి దోమకు, దోమ నుంచి మరొకరికి సాగే గొలుసును తెంచడానికి. తండ్రి కాలు ఆ ప్రశ్నకు సాక్ష్యం కాదు. కొడుకు, మనవడి రక్తం సాక్ష్యం.

4. పరిశోధనశాల నుంచి ఊరికి

పొరుగున ఉన్న ఒడిశాలో ప్రయోగాత్మకంగా నడిపిన పథకం తరువాత, 1955లో జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలైంది. ప్రజలందరికీ డి.ఇ.సి. ఇవ్వడం, ఇళ్ళలో దోమల మందు చల్లడం, మురుగులో దోమ పిల్లలను చంపడం అందులో భాగాలు. కొద్ది ఏళ్ళలోనే సామూహికంగా మాత్రలు ఇవ్వడం ఆపవలసి వచ్చింది. మందులో శక్తి లేక కాదు. మింగినవారికి జ్వరం, తలనొప్పి, వికారం వచ్చాయి. జనం వద్దన్నారు.

ఈ బాధలు ఎక్కువగా కనబడేది రక్తంలో పురుగు పిల్లలు ఉన్నవారికే. అవి చనిపోతున్నప్పుడు శరీరం చూపే ప్రతిస్పందన అది. మందు పనిచేస్తున్నదనడానికి గుర్తయిన జ్వరాన్నే ఊరు మందు చేసిన చెడుగా చదివింది. ఒకే ఆధారాన్ని ఇద్దరు రెండు విధాలుగా చదవడం చరిత్రలో మీకు కొత్త కాదు. ముందుగా వివరించి చెప్పేవారు లేకపోతే ఊరు చదివినట్టే చదువుతుంది.

2004 నుంచి ఏడాదికి ఒకసారి మాత్రలు ఇచ్చే పద్ధతి దేశవ్యాప్తంగా వచ్చింది. తరువాత ఆల్బెండజోల్ కూడా చేరింది. పెద్ద పురుగులు కొన్నేళ్ళపాటు బతికి పిల్లలను పెడుతూనే ఉంటాయి కనుక కనీసం అయిదేళ్ళు, ప్రతిసారీ మొత్తం జనాభాలో 65 శాతం మందికి తగ్గకుండా మింగాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలమానం. 'మింగాలి' అన్న మాటను గుర్తుంచుకోండి. రిజిస్టరులో రాసేది పంచిన మాత్రల లెక్క అయితే, గూట్లో మిగిలిపోయిన మాత్ర కూడా విజయంగానే నమోదవుతుంది. ఏ ప్రభుత్వ లెక్కనైనా చదివేటప్పుడు అది దేన్ని లెక్కించిందో ముందు చూడండి.

5. పోల్చి చూసే పద్ధతి

క్షయకు స్ట్రెప్టోమైసిన్‌పై బ్రిటన్‌లో జరిగి 1948లో వెలువడిన పరిశోధన ఒక మలుపు. ఏ రోగి ఏ జట్టులో ఉండాలో వైద్యుని ఇష్టానికి వదలకుండా లాటరీ వంటి పద్ధతిలో నిర్ణయించారు. దీనివల్ల తేలిక రోగులందరూ ఒకే జట్టులో చేరే అవకాశం తగ్గుతుంది. తరువాతి కాలంలో ఫైలేరియా పరిశోధనలూ ఈ దారినే నడిచాయి. మూడు ఉదాహరణలు చూడండి.

మొదటిది, 2019లో వెలువడిన కాక్రేన్ సమీక్ష. 8,713 మంది పాల్గొన్న 13 పరిశోధనలను కలిపి చూస్తే, పురుగు పిల్లలను తొలగించడంలో ఆల్బెండజోల్ వల్ల అదనంగా కలిగే మేలు చాలా స్వల్పమో, శూన్యమో అని తేలింది. కడుపులోని నులిపురుగులకు అది మంచి మందే. ఆ మేలు వేరు, ఈ మేలు వేరు.

రెండవది, పాపువా న్యూగినీలో జరిగి 2018లో వెలువడిన పరిశోధన. డి.ఇ.సి., ఆల్బెండజోల్‌లతో ఐవర్‌మెక్టిన్‌ను కలిపి ఒక్కసారి ఇస్తే, ఏడాది తరువాత 96 శాతం మంది రక్తంలో పురుగు పిల్లలు లేవు. మొదటి రెండు మందులే ఒక్కసారి ఇచ్చినవారిలో ఇది 32 శాతం. ఇంత పెద్ద తేడాను యాదృచ్ఛికమని కొట్టిపారేయలేం. మన దేశంలోనూ 2018 నుంచి కొన్ని జిల్లాలలో మూడు మందులు ఇవ్వడం మొదలైంది.

మూడవది కాలి వాపుకు సంబంధించినది. ఘనాలో 162 మందిపై జరిగి 2012లో వెలువడిన పరిశోధనలో, డాక్సీసైక్లిన్ తీసుకున్నవారిలో దాదాపు 44 శాతం మందికి వాపు తగ్గింది. ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారిలో 6 శాతం లోపే. ఆశ పుట్టించే ఫలితం. అయితే భారత్, మాలీ, శ్రీలంకలలో మళ్ళీ జరిపి 2024లో ప్రకటించిన పరిశోధనలలో ఆ అదనపు మేలు కనబడలేదు. వాటిలో అన్ని జట్లవారికీ కాలిని రోజూ సబ్బుతో కడిగి, వేళ్ళ సందులు పొడిగా తుడిచి, పగుళ్ళకు మందు రాసుకోవడం నేర్పారు. మాటిమాటికీ వచ్చే జ్వరాలు ఏ మాత్ర తీసుకున్నవారికైనా తగ్గాయి. కొత్త మందు కోసం వెతికిన చోట బకెట్టు నీళ్ళు, సబ్బు నిలబడ్డాయి. ఒక చిన్న పరిశోధన మంచి వార్త చెప్పినప్పుడు, మరొకచోట మరొకరు చేసి చూసేవరకు తీర్పును వాయిదా వేయడం అవిశ్వాసం కాదు, పద్ధతి.

6. సారాంశం

డి.ఇ.సి. పనిచేస్తుందా అన్న ప్రశ్నకు ఒక్క సమాధానం లేదు. రక్తంలోని పురుగు పిల్లలపై పనిచేస్తుంది. స్థిరపడిన వాపును పోగొట్టదు. ఊరి నుంచి వ్యాధిని తరమగలదు, ఊరు మింగితేనే. ఈ మూడింటికీ మూడు రకాల ఆధారాలు కావాలి. ఒకదానికి దొరికిన ఆధారాన్ని మరొకదానికి వాడితే, మందును అతిగా పొగడడమో, అన్యాయంగా నిందించడమో జరుగుతుంది. 2027 నాటికి ఈ వ్యాధిని నిర్మూలించాలని మన దేశం లక్ష్యం పెట్టుకుంది. ఆరోగ్య కార్యకర్త మీ గుమ్మంలో మాత్రలతో నిలబడినప్పుడు ఇంట్లోవారు అడిగే సందేహానికి సమాధానం చెప్పవలసింది చదువుకున్న మీరే కావచ్చు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. వచ్చి పోయే లక్షణం ఉన్న వ్యాధిలో రోగి అనుభవాన్ని మాత్రమే ఆధారంగా తీసుకుంటే వచ్చే చిక్కు ఏమిటి?
2. పంచిన మాత్రల లెక్కకు, మింగిన మాత్రల లెక్కకు తేడా ఎందుకు ముఖ్యం?
3. మీ ప్రాంతంలో పేరున్న ఒక చికిత్సను తీసుకోండి. అది దేనిమీద పనిచేస్తుందంటున్నారు, దేనితో పోల్చి చెబుతున్నారు, ఎవరు లెక్కించారు అన్న మూడు ప్రశ్నలతో పరిశీలించి ఒక పుట రాయండి.